అక్వేరియానికి ఇంటిల్లిపాదీ వెళ్తున్నాం: ముందు ఏది చూడాలి, ఎంతసేపు చూడాలి?

ప్రశ్న: వెన్నెలవాకిలి

నమస్కారం. సెలవుల్లో మేము ఒక మహానగరానికి వెళ్తున్నాము. అక్కడున్న పెద్ద అక్వేరియం కోసం ఒక పూట కేటాయించాలని అనుకుంటున్నాము. వెళ్ళేది అయిదుగురం. నేను, మా వారు, మోకాళ్ళ నొప్పులతో ఎక్కువసేపు నిలబడలేని మా అత్తయ్యగారు, కనిపించిన ప్రతి అక్షరాన్నీ చదివితే తప్ప అడుగు ముందుకు వేయని పదేళ్ళ అమ్మాయి, చీకటంటే భయపడుతూనే చెయ్యి వదిలితే పరుగందుకునే నాలుగేళ్ళ అబ్బాయి. ఈ అయిదుగురికీ ఒకే పూటలో, ఒకే చోట, ఎవరూ విసుక్కోకుండా గడిచేలా చేయడం ఎలాగన్నదే నా ప్రశ్న.

పటం చూస్తే అంతస్తులు, విభాగాలు చాలానే ఉన్నాయి. వరుసగా మొదటి నుంచి చివరి దాకా చూసుకుంటూ పోవాలా, లేక కొన్నింటిని వదిలేయవచ్చా? చేతితో తాకనిచ్చే తొట్టి దగ్గరికి చిన్నవాణ్ణి తీసుకువెళ్ళడం క్షేమమేనా? ఫోటోలు తీస్తే అద్దంలో మన ముఖాలే పడతాయని విన్నాను, దానికేమైనా ఉపాయముందా? మా అత్తయ్యగారు "చేపలను చూడడానికి టికెట్టు కొనాలా" అని ఇప్పటికే పెదవి విరిచారు కనుక ఆవిడకు కూడా నచ్చేదేదైనా ఉంటే ప్రత్యేకంగా చెప్పగలరు.

ఇక మా వారి సంగతి. బెర్లిన్‌లో పెద్ద ట్యాంకు పగిలిపోయిన వార్తను ఎప్పుడో చదివి, నీటి కింద నడిచే సొరంగంలోకి మాత్రం తాను రానని అంటున్నారు. సగం హాస్యానికే అంటున్నా, మిగతా సగం నిజమేనని నాకు తెలుసు. అనుభవమున్నవారు చెప్పగలరు.


జవాబు: నీటిమీదిరాత

వెన్నెలవాకిలి గారూ, అన్నీ చూడాలన్న ఆలోచనను ఇంట్లోనే వదిలి బయలుదేరండి. పెద్ద అక్వేరియంలో వందల జాతులుంటాయి, ఒక్కొక్కదాని ముందు అర నిమిషం నిలబడి కదిలితే సాయంత్రానికి ఎవరికీ ఒక్కటీ గుర్తుండదు. నాలుగేళ్ళ పిల్లవాడి ఓపిక రెండు గంటలకు మించదని నా అంచనా. ఆ రెండు గంటలను నాలుగైదు ట్యాంకుల మీద ఖర్చు చేయడం మంచిదని నా అభిప్రాయం.

క్రమం విషయానికి వస్తే, తలుపులు తెరిచిన వెంటనే లోపలికి వెళ్ళేవారిలో ఎక్కువమంది మొదటి గదిలోనే ఆగిపోతారు. అక్కడ ఉండేవి సాధారణంగా చిన్న ట్యాంకులే అయినా, టికెట్టు కొన్న ఉత్సాహం వాళ్ళను అక్కడే కట్టిపడేస్తుంది. మీరు ఆ గదిని దాటేసి నేరుగా అన్నింటికంటే పెద్ద ట్యాంకు దగ్గరికి వెళ్ళండి. జనం అక్కడికి చేరేలోపు మీకు అది దాదాపు ఖాళీగా దొరుకుతుంది. వదిలేసిన గదులను తిరుగు దారిలో చూసుకోవచ్చు, ఆ సమయానికి అక్కడ గుంపు పలచబడుతుంది. ఒకే దిక్కుగా నడవాలన్న నియమం కొన్ని చోట్ల ఉంటుంది కాబట్టి టికెట్టు కొనేటప్పుడే ఆ సంగతి అడిగి తెలుసుకోండి.

సెలవు దినం కాకుండా పని దినం అయితే మేలు. అయితే పని దినాల్లో ఉదయం పది దాటాక బడి పిల్లల బృందాలు బస్సుల్లో దిగుతాయి, అప్పుడు జెల్లీ చేపల గదిలో కూడా సంత గోలే వినిపిస్తుంది. అందుకే తెరిచిన వెంటనే గానీ, మూసే ముందు రెండు గంటల్లో గానీ వెళ్ళమని చెబుతాను. మీ అబ్బాయి సాయంత్రానికి అలిసిపోయి మారాం చేసే రకమైతే ఉదయమే సరైనది. పెంగ్విన్లకు మేత పెట్టేది, ఈతగాళ్ళు ట్యాంకులోకి దిగేది ఏ వేళకో గోడ మీద రాసి ఉంచుతారు. వాటిలో ఒకే ఒక్కదాన్ని ఎంచుకుని, మిగతా షికారంతా దాని చుట్టూ అమర్చుకోండి. రెండు పెట్టుకుంటే ఒకదాని నుంచి ఇంకొకదానికి పరుగెత్తడంతోనే సరిపోతుంది.

చీకటి భయానికి ఒక మాట. గదులను చీకటిగా ఉంచేది భయపెట్టడానికి కాదని, మనవైపు వెలుతురు తక్కువగా ఉంటేనే అద్దంలో మన నీడ పడకుండా నీటిలోపలిది కనిపిస్తుందని బయలుదేరక ముందే వాడికి అర్థమయ్యే మాటల్లో చెప్పండి. ముందుగా వెలుతురున్న విభాగాలు, అంటే పెంగ్విన్లు, నీటికుక్కలు, తాకే తొట్టి చూపించి, కళ్ళు, మనసు అలవాటు పడ్డాక చీకటి గదుల్లోకి తీసుకువెళ్ళడం ఇంకొక పద్ధతి. పెద్ద ట్యాంకు ముందా, వెలుతురు ముందా అన్నది మీ వాడి స్వభావాన్ని బట్టి మీరే తేల్చుకోవాలి. భయం పోవాలని చేతికి టార్చిలైటు మాత్రం ఇవ్వవద్దు. చాలా చేపలకు కనురెప్పలుండవు, ఆ వెలుగు నేరుగా వాటి కళ్ళలో పడుతుంది.

పరుగెత్తే పిల్లవాడికి ఆ రోజు కొట్టొచ్చినట్టు కనిపించే రంగు చొక్కా వేయండి. అయితే నీలం వద్దు, అక్కడి వెలుతురులో అంతా నీలంగానే ఉంటుంది. లోపలికి వెళ్ళే ముందు ఒక ఫోటో తీసి పెట్టుకుంటే, తప్పిపోయినప్పుడు ఏ బట్టలు వేసుకున్నాడో తడబడకుండా చూపించవచ్చు. చివరగా, బయటికి వచ్చే దారి దాదాపు ప్రతిచోటా బొమ్మల దుకాణం గుండానే ఉంటుంది. ఏది కొంటారో, కొనరో లోపలికి వెళ్ళే ముందే ఒప్పందం చేసుకోండి.


జవాబు: ఉప్పునీరు

నేను ఒక అక్వేరియంలో నీటి శుద్ధి విభాగంలో పనిచేస్తున్నాను. సందర్శకులు చూసేది ముందు భాగమైతే, మా పని దాని వెనక గోడ దగ్గర. మీ వారి భయంతోనే మొదలుపెడతాను, ఎందుకంటే ఆ ప్రశ్న మాకు తరచుగా ఎదురవుతుంది.

బెర్లిన్‌లో 2022 డిసెంబరు 16న తెల్లవారుజామున పగిలింది ఒక హోటలు మధ్యలో నిలువుగా కట్టిన గుండ్రటి స్తంభం లాంటి ట్యాంకు. అందులో సుమారు 10 లక్షల లీటర్ల నీరు, దాదాపు 1,500 చేపలు ఉండేవి. చేపల్లో చాలా భాగం చనిపోయాయి, ఇద్దరు మనుషులకు గాయాలయ్యాయి. అది ఏ ఆధారమూ లేకుండా నాలుగు వైపులా గాలిలోకి తెరుచుకుని ఉన్న కట్టడం. మామూలు అక్వేరియాల్లో పెద్ద ట్యాంకులు కాంక్రీటు గోడల మధ్య ఉంటాయి, పారదర్శకంగా ఉండేది సందర్శకుల వైపు కిటికీ ఒక్కటే. ఆ కిటికీ కూడా గాజు కాదు, యాక్రిలిక్ అనే పారదర్శక ప్లాస్టిక్. పలకల మీద పలకలు అతికించి, కావలసిన మందం వచ్చేదాకా పెంచి చేస్తారు. జపాన్‌లోని ఒకినావాలో 2002లో తెరుచుకున్న చురౌమి అక్వేరియంలో 8.2 మీటర్ల ఎత్తు, 22.5 మీటర్ల వెడల్పు ఉన్న కిటికీ ఉంది. దాని వెనక 75 లక్షల లీటర్ల సముద్రపు నీరు, అందులో తిమింగల సొరచేపలు తిరుగుతుంటాయి. ఆ కిటికీ మందం 60 సెంటీమీటర్లు, అంటే మీ అబ్బాయి నడుము దాటి వచ్చేంత. మందం అంతున్నా గాజు అయితే పచ్చగా కనిపించేది, యాక్రిలిక్ కనుక తేటగా ఉంటుంది. దీనికి ఉన్న బలహీనత గీతలు పడడం. తాళంచెవుల గుత్తి, బొత్తాలున్న బ్యాగు, ఉంగరం అన్నీ దానికి శత్రువులే. పిల్లలను కిటికీకి ఆనించి నిలబెట్టేటప్పుడు వాళ్ళ చేతుల్లో ఏముందో ఒకసారి చూడండి.

సొరంగం గురించి. వంపు తిరిగిన యాక్రిలిక్ కింద నడిచే సొరంగాన్ని విశేషంగా వార్తల్లోకి తెచ్చినది న్యూజీలాండ్‌లోని ఆక్లండ్‌లో 1985లో తెరుచుకున్న కెల్లీ టార్ల్‌టన్ అక్వేరియం. వంపు ఆకారం భారాన్ని రెండు వైపులకూ పంచుతుంది కాబట్టి ఆకారపరంగా అది బలహీనమైనది కాదు. మీ వారిని సొరంగం మధ్యలో నిలబెట్టి, నెత్తి మీదుగా పోతున్న టేకు చేప (స్టింగ్ రే) పొట్టను చూడమనండి. అక్కడ నవ్వుతున్న ముఖంలా ఒకటి కనిపిస్తుంది. పిల్లలు కళ్ళు అనుకునేవి నిజానికి ముక్కుపుటాలు, వాటి కింద ఉన్నది నోరు, ఆ పక్కన చీలికలు మొప్పలు. అసలు కళ్ళు వీపు వైపున ఉంటాయి. ఈ ఒక్కటి చూపించగలిగితే ఆయన భయం సంగతి మరిచిపోతారని నా నమ్మకం.

సొరంగంలో చేపల పరిమాణాన్ని అంచనా వేయవద్దు. కాంతి నీటి నుంచి గాలిలోకి వచ్చేటప్పుడు వంగుతుంది. చదునైన కిటికీలోంచి చూస్తే చేప అసలున్న దూరంలో మూడు వంతులే ఉన్నట్టు దగ్గరగా కనిపిస్తుంది, వంపు తిరిగిన దానిలోంచి చూస్తే అసలు కంటే చిన్నదిగా తోస్తుంది. ఒకే సొరచేపను రెండు చోట్ల నుంచి చూసి మీ అమ్మాయి "ఇది వేరే చేప" అని వాదించవచ్చు.

తాకే తొట్టి క్షేమమే. అక్కడ ఎప్పుడూ ఒక ఉద్యోగి ఉంటారు. టేకు చేపలుంటే వాటి తోక ముల్లును మావాళ్ళు కత్తిరిస్తారు, అది మళ్ళీ పెరుగుతుంది, మళ్ళీ కత్తిరిస్తారు. ముందు చేతులు ఒట్టి నీళ్ళతో కడగాలి. సబ్బు, చర్మానికి రాసుకున్న క్రీము, పరిమళ ద్రవ్యం ఆ నీటిలో కలవకూడదు. చేయి నీటి అడుగున నిశ్చలంగా పెట్టి, రెండు వేళ్ళతో వీపు మీద మాత్రం తాకాలి. చేప ఒంటి మీద జిగురు పొర ఉంటుంది, అది సూక్ష్మజీవుల నుంచి దాన్ని కాపాడే కవచం, గట్టిగా రుద్దితే పోతుంది. ఎత్తకూడదు, నీటిలోంచి బయటికి తీయకూడదు. తాకడం అయ్యాక తప్పనిసరిగా సబ్బుతో కడగాలి, ఎందుకంటే సముద్రపు నీటిలో ఉండే కొన్ని బాక్టీరియాలు మనుషులకు చర్మ వ్యాధులు కలిగించగలవు. వేలికి పుండు, గాయం ఉన్నవారు ఆ రోజుకు చూసి ఊరుకోవడమే మంచిది. గుర్రపు డెక్క ఆకారంలో ఉండే పీత అక్కడ ఉంటే దాని పొడవాటి తోకను చూసి పిల్లలు ముల్లు అనుకుని వెనక్కి తగ్గుతారు. అది కుట్టదు, బోర్లా పడినప్పుడు తిరిగి లేవడానికి ఉపయోగించే మీట అది. దాని రక్తం నీలంగా ఉంటుంది, ఎందుకంటే ఆక్సిజన్‌ను మోసేది మనలో లాగా ఇనుము కాదు, రాగి.

కిటికీని తట్టవద్దని మేము ఎందుకు పదే పదే చెబుతామో కూడా చెప్పాలి. గాలిలో శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు వెళ్తే, నీటిలో సుమారు 1,500 మీటర్లు వెళ్తుంది. చేపలకు లోపలి చెవితో పాటు ఒంటి పక్కన నీటి కదలికను గ్రహించే గీత ఉంటుంది. మీకు టక్కుమని వినిపించినది వాటికి ఒంటి మీద పడిన దెబ్బ అన్నంత తేడాతో చేరవచ్చు. ఆ తర్వాత పారిపోయిన చేప కోసం ఎదురుచూస్తూ, "ఇందులో ఏమీ లేదు" అని విసుక్కునే జనాన్ని మేము చాలామందిని చూస్తాము.

జెల్లీ చేపల గది గురించి అడగలేదు గానీ, నేను చెప్పకుండా ఉండలేను. ఆ ట్యాంకులు గుండ్రంగా ఉండడానికి అందం కారణం కాదు. ఈ ప్రాణులకు మెదడు లేదు, గుండె లేదు, ఒంట్లో దాదాపు 95 శాతం నీరే. బలంగా ఈదలేవు కాబట్టి మూల ఉంటే అక్కడికి కొట్టుకుపోయి నలిగిపోతాయి. అందుకే నీరు మెల్లగా చుట్టూ తిరిగేలా, మూలలు లేకుండా కడతారు. గులాబీగా, ఊదాగా కనిపించేది చాలావరకు మేము వేసిన దీపాల రంగు. సాధారణంగా కనిపించే చంద్ర జెల్లీ చేప మీద నాలుగు గుర్రపు డెక్కల ఆకారాలు ఉంటాయి, అవి దాని పునరుత్పత్తి అవయవాలు. మీ చదువరి అమ్మాయికి ఈ మాట బోర్డు మీద కనిపించకపోవచ్చు.

ఫోటోలు: ఫ్లాష్ ఆపండి, ఫోనును అద్దానికి పూర్తిగా ఆనించండి, ముదురు రంగు చొక్కా వేసుకోండి. వంకరగా కాకుండా ఎదురుగా నిలబడి తీయండి, మందపాటి పలకలోంచి ఏటవాలుగా తీసినది అలుక్కుపోతుంది.


జవాబు: పాతగొడుగు

మా అమ్మగారిని తీసుకువెళ్ళిన అనుభవంతో రెండు మాటలు. చక్రాల కుర్చీ ఉచితంగా ఇచ్చే చోట్లు చాలా ఉన్నాయి, ముందుగా అడిగి పెట్టుకోండి. "నాకేమైంది, నడవలేనా" అని పెద్దవాళ్ళు మొదట కాదంటారు. బలవంతం చేయకుండా పక్కన తోసుకుంటూ నడవండి, అరగంటకు వాళ్ళే కూర్చుంటారు. నేల కొన్నిచోట్ల తడిగా ఉంటుంది, చీకట్లో ఏటవాలు దారి తెలియదు, కాబట్టి జారని చెప్పులు అవసరం. పెంగ్విన్ల దగ్గర చలిగా ఉంటుంది, ఒక శాలువా ఉంచుకోండి. పెద్ద ట్యాంకు ఎదురుగా బల్లలు ఉంటాయి. పిల్లలను తిప్పి తీసుకువచ్చేదాకా అత్తయ్యగారిని అక్కడ కూర్చోబెడితే, మీరు తిరిగి వచ్చేసరికి ఏ చేప ఎటు తిరుగుతుందో, ఏది దేన్ని తరుముతుందో ఆవిడే మీకు చెబుతారు.

ఆవిడకు నచ్చేది అడిగారు కదా. మా అమ్మగారికి నచ్చినది, నేను అస్సలు అనుకోనిది, మసక నీళ్ళలో కర్రదుంగలా పడి ఉన్న ఊపిరితిత్తుల చేప. మొప్పలతో పాటు ఊపిరితిత్తి కూడా ఉండి అప్పుడప్పుడు పైకి వచ్చి గాలి పీల్చుకుంటుంది. షికాగోలోని షెడ్ అక్వేరియంలో 1933లో వచ్చిన ఆస్ట్రేలియా ఊపిరితిత్తుల చేప ఒకటి 2017 దాకా బతికింది, దానికి అక్కడివాళ్ళు "తాతయ్య" అనే అర్థం వచ్చే పేరే పెట్టారు. ఈ సంగతి చెబితే మా అమ్మగారు దాని ముందు నుంచి కదలలేదు.


వెన్నెలవాకిలి

అందరికీ కృతజ్ఞతలు. ఉప్పునీరు గారి జవాబును మా వారికి చదివి వినిపించాను. "60 సెంటీమీటర్లా" అని ఒకసారి చేతులతో కొలిచి చూసుకుని, సొరంగం విషయంలో కొంత మెత్తబడ్డారు.

అయితే ఈ చర్చను పక్కన కూర్చుని చదివిన మా అమ్మాయి ఒక ప్రశ్న వేసింది: "అవి సముద్రంలో ఉండాల్సినవి కదా, మనం టికెట్టు కొంటే వాటిని బంధించినవాళ్ళకు సాయం చేసినట్టు కాదా?" నేను "బాగానే చూసుకుంటారు" అని దాటవేయబోయాను, అది ఒప్పుకోలేదు. పదేళ్ళ పిల్లకు ఏం చెప్పాలి? అసలు ఈ షికారే వద్దనుకోవాలా?


జవాబు: చివరిబెంచీ

నేను ఉపాధ్యాయుణ్ణి, పిల్లలను ఇలాంటి చోట్లకు తీసుకువెళ్తుంటాను. ఆ ప్రశ్న అడిగిన పిల్లను దాటవేయవద్దు. "అన్నీ ఒకటి కాదు" అన్నదే దానికి నిజాయితీ గల జవాబని నేననుకుంటాను.

ఒక చిన్న పగడపు చేప తన జీవితమంతా కొన్ని చదరపు మీటర్లలో, పువ్వులా కనిపించే సీ అనిమోన్ అనే సముద్ర జీవి ఒక్కదాని చుట్టూ గడుపుతుంది. దానికి పెద్ద ట్యాంకు జైలు కాకపోవచ్చు. కానీ రోజూ ఎంతో దూరం ఈదే, గుంపుగా బతికే డాల్ఫిన్ విషయం అలా కాదు. అందుకే డాల్ఫిన్ ప్రదర్శనశాలలను భారత ప్రభుత్వం 2013లో నిషేధించింది, తిమింగలాలను, డాల్ఫిన్లను కొత్తగా బంధించి ఉంచడాన్ని కెనడా 2019లో చట్టం చేసి ఆపింది. ఇంకొక ఉదాహరణ తెల్ల సొరచేప. దాన్ని నెలల తరబడి బతికించగలిగిన మొదటి అక్వేరియం కాలిఫోర్నియాలోని మాంటెరే బే. 2004లో తెచ్చిన ఆ చిన్న సొరచేపను 198 రోజుల తర్వాత తిరిగి సముద్రంలో వదిలేశారు. ప్రపంచంలో ఇన్ని అక్వేరియాలున్నా సినిమాల్లో కనిపించే ఆ సొరచేప ఎందుకు ఉండదని మీ అబ్బాయి అడిగితే చెప్పడానికి ఇది పనికి వస్తుంది. మీకు సొరచేప ట్యాంకులో తరచుగా కనిపించేది పళ్ళు బయటికి పెట్టుకుని మెల్లగా తిరిగే ఇసుక సొర. చూడడానికి భయంకరంగా ఉన్నా సాధు స్వభావం దానిది.

అదే మాంటెరేలో తల్లి లేని సముద్రపు నీటికుక్క పిల్లలను పెద్ద నీటికుక్కలకు అప్పగించి, అవి వేటాడడం నేర్పాక సముద్రంలో వదులుతున్నారు. పిల్లలు అక్వేరియంలో ఉద్యోగులను అడగవలసిన ప్రశ్నలు నా దృష్టిలో మూడు: ఈ ప్రాణి ఎక్కడి నుంచి వచ్చింది, ఇక్కడే పుట్టిందా లేక పట్టి తెచ్చారా, దీన్ని ఎప్పటికైనా వదులుతారా? మీ అమ్మాయిని ఇవే అడగమనండి. మంచి చోట ఉద్యోగులు ఓపికగా, తెలిసినంత వరకు చెబుతారు, తప్పించుకుంటే అది కూడా మీ అమ్మాయికి ఒక జవాబే.

నీటిమీదిరాత గారు నాలుగైదు ట్యాంకులు చాలన్నారు. చిన్నవాడి వరకు అది నిజమే గానీ, చదివే పిల్లను చదవనివ్వకుండా లాక్కుపోతే ఆమెకు మిగిలేది కోపమే. పెద్దవాళ్ళు ఇద్దరున్నారు కాబట్టి కొంతసేపు విడిపోండి. ఒకరు చిన్నవాడితో తాకే తొట్టి దగ్గర, ఒకరు అమ్మాయితో బోర్డుల దగ్గర. ఆమెకు వెతకడానికి ఒక్కటి చెప్పండి: కొన్ని సొరచేపలు, టేకు చేపల్లా చదునుగా ఉండే స్కేట్ చేపలు పెట్టే తోలు సంచి లాంటి గుడ్లు. వాటి వెనక దీపం పెట్టి చూపే ట్యాంకు ఉంటే, లోపల పిల్ల చేప తోక ఆడించడం కంటితో చూడవచ్చు. అక్కడ ఆమె ఎంతసేపు నిలబడుతుందో చూడండి.


జవాబు: ఉప్పునీరు

చివరిబెంచీ గారు చెప్పినదానితో చాలావరకు ఏకీభవిస్తూనే ఒక విషయంలో తేడా చెప్పాలి. చిన్న చేపలకు ఇబ్బంది లేదన్నంత తేలికగా తీసుకోకూడదు. అలంకరణ కోసం అమ్మే మంచినీటి చేపలలో ఎక్కువ భాగం పెంపకం కేంద్రాలలో పుట్టినవైతే, సముద్రపు చేపలలో ఎక్కువ భాగం ఇప్పటికీ పట్టి తెచ్చినవే. కాబట్టి "ఇక్కడే పుట్టిందా" అన్న ప్రశ్న డాల్ఫిన్ కంటే అరచేతి పొడవున్న చేప విషయంలోనే ఎక్కువగా అడగవలసినది. మా దగ్గర కొన్ని జాతుల సముద్ర గుర్రాలను, క్లౌన్ చేపలను మేమే పెంచుతున్నాము. సముద్ర గుర్రాలలో గుడ్లను పొట్ట సంచిలో మోసి పిల్లలను కనేది మగది. క్లౌన్ చేపలన్నీ మగవిగానే మొదలై, గుంపులో పెద్దదైన ఆడది పోతే మగది ఆడదిగా మారుతుంది. దీన్ని మీ ఇంటి భోజనాల బల్ల దగ్గర చర్చించే ధైర్యం మీకుంటే చర్చించండి.

ప్రాణులు మనుషులను గమనిస్తాయా అని కూడా పిల్లలు అడుగుతారు. ఇసుకలో నిలువుగా తలలు పైకెత్తి ఊగే గార్డెన్ ఈల్ అనే సన్నని చేపలు, చప్పుడైతే లోపలికి ముడుచుకుపోతాయి. 2020లో మహమ్మారి కారణంగా టోక్యోలోని సుమిదా అక్వేరియం మూతపడ్డాక, మనుషులు కనిపించకపోవడంతో అక్కడి గార్డెన్ ఈల్స్ తమను చూసుకునే ఉద్యోగులను చూసినా దాక్కోవడం మొదలుపెట్టాయి. వాటికి మనుషుల ముఖాలు మళ్ళీ అలవాటు చేయడానికి, ఇళ్ళలో ఉన్నవారు వీడియో కాల్ చేసి చేయి ఊపమని ఆ అక్వేరియంవారు కోరారు. ఆ ట్యాంకు మీరు వెళ్ళేచోట ఉంటే, ముందు అందరూ కదలకుండా నిలబడి అవి పైకి వచ్చేదాకా ఆగండి, తర్వాత మీ అబ్బాయిని ఒక్క అడుగు ముందుకు వేయమనండి. ఏమవుతుందో వాడే మీ అందరికీ చెబుతాడు.

ఆక్టోపస్ ట్యాంకు దగ్గర మాత్రం ఓపిక పట్టండి. అది రాయి రంగులోకి మారి రాళ్ళ మధ్యే ఉంటుంది, తొందరపడేవాళ్ళకు ఖాళీ ట్యాంకులాగే కనిపిస్తుంది. మూత అంచున కొన్నిచోట్ల కృత్రిమ గడ్డి అతికించి ఉంటే ఆశ్చర్యపోకండి. ఆ గరుకు మీద దాని చేతులకున్న చూషకాలు (అతుక్కునే గిన్నెల్లాంటివి) పట్టుకోలేవు, అందుకే పైకి ఎక్కి పారిపోకుండా అలా చేస్తారు. న్యూజీలాండ్‌లోని నేపియర్ అక్వేరియంలో ఇంకీ అనే ఆక్టోపస్, మూత కొద్దిగా తెరిచి ఉండడం చూసి రాత్రికి రాత్రే బయటికి వచ్చి, నేల మీది నీటి గొట్టంలోంచి సముద్రంలోకి వెళ్ళిపోయింది. ఆ సంగతి 2016లో వార్త అయింది. ముందు అమ్మాయికి ఈ కథ చెప్పండి, ఆ తర్వాత తన మూడు ప్రశ్నలు ఉద్యోగులను అడగనివ్వండి.


వెన్నెలవాకిలి

ఉదయం మొదటి వేళకే టికెట్లు తీసుకున్నాము, చక్రాల కుర్చీ కోసం ఫోను చేసి చెప్పాను. ఒక్క సందేహం మిగిలింది. మేత పెట్టే వేళలు పటంలో పెంగ్విన్లకు, టేకు చేపలకు కనిపిస్తున్నాయి గానీ సొరచేపలకు లేవు. వాటికి జనం ముందు పెట్టరా?


జవాబు: ఉప్పునీరు

సొరచేపలకు రోజూ మేత అవసరం ఉండదు, వారానికి రెండు మూడుసార్లు చాలు. అదీ ఒక్కొక్కదానికి గుర్తుపట్టేలా వేరువేరు చోట్ల, కర్రకు గుచ్చి అందిస్తాము, ఏది ఎంత తిన్నదో రాసుకోవాలి కదా. అందుకే చాలాచోట్ల దాన్ని ప్రదర్శనగా పెట్టరు. అవి ట్యాంకులోని మిగతా చేపలను ఎందుకు తినవని మీ అబ్బాయి తప్పకుండా అడుగుతాడు. కడుపు నిండి ఉంటే చాలావరకు తినవు. అప్పుడప్పుడు ఒకటి లెక్కకు రాకుండా పోతుంది, ఆ సంగతి మాత్రం మేము బోర్డు మీద రాయము. మీరు ఎంచుకోవలసిన మేత వేళ టేకు చేపలదే. అవి మొత్తంగా ఒకేసారి ఉపరితలానికి వచ్చి, అంచు మీద రెక్కలు వేసి అడుగుతాయి. చిన్నవాణ్ణి ముందు వరుసలో నిలబెట్టండి, చొక్కా తడుస్తుంది కాబట్టి మార్చడానికి ఇంకొకటి పెట్టుకోండి.